సీసా నాది, సలహా ఊరందరిదీ

ఇంటి యజమానిగా, ఆస్తిపన్ను సకాలంలో కట్టే పౌరుడిగా, రెండు పెగ్గులు దాటని మితపానిగా నేను చేసుకుంటున్న ఫిర్యాదు ఇది. ఎవరికి చేసుకోవాలో తోచలేదు. ఎక్సైజు వాళ్లు మా పరిధి కాదంటారు. పోలీసులు నవ్వుతారు. మా ఆవిడ దగ్గర మొదలుపెడితే కేసు నా మీదికే తిరుగుతుంది. అందుకని పాఠక మహాశయులకే విన్నవించుకుంటున్నాను. నా ఇంట్లో, నా డబ్బుతో కొన్న సింగిల్ మాల్టుని నాకు తోచినట్టు తాగే స్వాతంత్ర్యం నాకు లేదు.

మా తరానికి మందు విషయంలో సందేహాలు తక్కువ. 1995లో రామారావుగారు మద్యనిషేధం పెట్టినప్పటి నుంచి 1997లో చంద్రబాబుగారు సడలించేదాకా ఊళ్లో తిరిగిన ప్రశ్న ఒక్కటే: "ఉందా?" ఉంటే అది ఏ పీపాలో పడుకుందో, ఎన్నేళ్లు పడుకుందో అడిగిన మొనగాణ్ని నేను చూడలేదు. సోడా కలిపి, మజ్జిగ మిరపకాయ కొరికి, తాగేవాళ్లం. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో చాలాభాగం చెరుకు మడ్డితో చేసిన స్పిరిట్టేననీ, యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరనీ నాకు చెప్పినవాడు మా బావమరిది. సర్వీసంతా నేను కూడబెట్టుకున్న సంతోషాన్ని ఒక్క మాటతో మడ్డి చేసి వెళ్లాడు.

వాడు ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తాడు. విదేశాల నుంచి వచ్చే మనిషి రెండు లీటర్ల మందు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం దయతలిచింది. వాడు తెచ్చేది పిల్లలకు చాక్లెట్లు, నాకు సలహాలు. సలహాలకి సుంకమూ లేదు, లీటర్ల లెక్కా లేదు.

"అసలు స్కాచ్ సింగిల్ మాల్టంటే ఏంటో తెలుసా బావా?" అని మొదలుపెడతాడు. తెలుసన్నా ఆగడు. మొలకెత్తించిన బార్లీ తప్ప వేరే గింజ తగలకూడదట. ఒకే డిస్టిలరీలో, రాగి బట్టీల్లో, విడతలు విడతలుగా దించాలట. స్కాట్లాండు గడ్డ మీదే ఓకు పీపాల్లో కనీసం మూడేళ్లు ఉండాలట. సీసాలోకి వచ్చాక బలం నలభై శాతానికి తగ్గకూడదట. 2009లో చట్టమే చేసుకున్నారట. వాళ్లక్కతో నా పెళ్లి సంబంధం కుదిర్చేటప్పుడు కూడా వాళ్ల నాన్న ఇన్ని వివరాలు ఆరా తీయలేదు.

ఆ పీపాల సంగతి ఇంకా ఘోరం. అమెరికాలో బర్బన్‌ని కొత్త పీపాలోనే నిలవెయ్యాలని నియమం. కాబట్టి ఒకసారి వాడేసిన పీపాలు వాళ్లకి అక్కర్లేదు. అవి ఓడెక్కి స్కాట్లాండు చేరతాయి. మనం లొట్టలేసే ఆ వెనిలా కమ్మదనం చాలావరకు ఆ ఓకు చెక్క చలవే. ఎండుద్రాక్ష రుచి కావాలంటే స్పెయిన్ షెర్రీ నానిన పీపా ఉండాలి. మా అమ్మ బతికుంటే ఎంగిలి పీపా సరుకని గడప కూడా దాటనిచ్చేది కాదు.

తర్వాత గ్లాసు. నేను స్టీలు గ్లాసులో తాగేవాణ్ని. లోపల ఏముందో, ఎంతుందో చుట్టాలకీ పిల్లలకీ కనపడదు. గృహస్థుకి అంతకన్నా అనువైన పాత్ర ఇంతవరకు పుట్టలేదని నా అభిప్రాయం. మా తోడల్లుడుగారు దాన్ని చూసి కళ్లు మూసుకున్నారు. 2001 నుంచి గ్లెన్‌కెయిర్న్ అని ప్రత్యేకమైన గ్లాసు ఉంటే ఇదేం ఖర్మ అన్నగారూ అన్నారు. అడుగున బొజ్జ, పైన సన్నమూతి. వాసనంతా ముక్కు దగ్గరికి చేరుస్తుందట. కొన్నాను. అందులో ఐసు ముక్క పట్టదు. పట్టించే ప్రయత్నం చేసినందుకు మందలించారు.

సోడా నిషిద్ధం. నీళ్లు మాత్రం, అదీ చుక్కల్లెక్కన, కలుపుకోవచ్చు. 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో లెక్కగట్టి, నీళ్లు కలిపితే గ్వయకాల్ అనే పొగవాసన పదార్థం గ్లాసు పైపొరకి చేరుతుందని తేల్చారు. అప్పటి నుంచి తోడల్లుడుగారి జేబులో ఇంకు ఫిల్లరు ఉంటుంది. శాస్త్రాన్ని నేను కాదనను. కానీ పై ఫ్లాటులో ఉండే రిటైర్డు బ్యాంకు మేనేజరుగారు చెంబుడు నీళ్లు కలుపుకుని నిశ్చింతగా తాగుతారు. ఆయన మొహంలో ఉన్న ప్రశాంతత ఈ ఫిల్లరు మొహంలో నాకెప్పుడూ కనపడలేదు.

గొంతులో పోసుకునే ముందు వాసన వర్ణించాలి. వెనిలా, తోలు, ఎండు నారింజ తొక్క, సముద్రపు గాలి. నేను బందరు వాణ్ని. సముద్రపు గాలి కావలిస్తే మంగినపూడి బస్సెక్కుతాను. సీసా కొనను.

ఇవన్నీ భరించవచ్చు. అసలు దోపిడీ సిఫార్సులో ఉంది. సిఫార్సు చేసేవాడి దగ్గర ఆ సీసా ఉండదు. "ఇది మాత్రం తాగకుండా పోకూడదు" అంటాడు. పోతానేమోనన్న భయంతో నేను కొంటాను. కొన్నానని తెలిసిన సాయంత్రానికి, తను చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికి వస్తాడు. సిఫార్సు చేసినవాడికి దాన్ని రుజువు చేసుకునే హక్కు ఉంటుందని నాకప్పుడే తెలిసింది. రుజువు ఒక పెగ్గుతో తేలదు. రెండోది అనుమాన నివృత్తికి. మూడోది పక్కనున్నవాడికి వివరించడానికి. జీడిపప్పు, కోడి వేపుడు సాక్ష్యాల కింద పోతాయి. ధర ఎక్కువని మూలిగితే దానికీ సలహా ఉంది: బ్రిటన్‌తో 2025లో ఒప్పందం కుదిరింది కదా, నూటయాభై శాతం దిగుమతి సుంకం ముందు 75కి, పదేళ్లలో 40కి దిగుతుంది, ఆగండి బావా అంటాడు. నా వయసు వాడికి తెలుసు. ఆగేది నేను, దిగాక తాగేది ఎవరో మరి!

తోడల్లుడుగారిది స్వదేశీ పక్షం. బెంగళూరు అమృత్ వాళ్లు 2004లో తమ సింగిల్ మాల్టుని ఏకంగా గ్లాస్గోకే పట్టుకెళ్లి అమ్మకానికి పెట్టారనీ, 2010 విస్కీ బైబిల్లో జిమ్ ముర్రే వాళ్ల ఫ్యూజన్‌ని ప్రపంచంలో మూడో స్థానంలో నిలబెట్టాడనీ ఆయన చెప్పేటప్పుడు గొంతు గద్గదమవుతుంది. ఈ విషయంలో నేనూ ఆయన వైపే. స్కాట్లాండు చలిలో పీపాలోంచి ఏడాదికి రెండు శాతం ఆవిరైతే, బెంగళూరు ఎండకి పది శాతం పైనే పోతుంది. అందుకే ఇక్కడ నాలుగైదేళ్లకే పాకానికొస్తుంది. ఆవిరైపోయేది దేవతల వాటా అని ఆ వృత్తిలో వాళ్లంటారు. దేవతలు మర్యాదస్థులు, సీసా మూత బిగించాక ముట్టుకోరు.

ఈ రెండు పక్షాల మధ్య తగువు తీర్చింది మా ఆవిడ. చుక్క ముట్టని మనిషి. స్కాట్లాండు పడమటి తీరాన ఐలా అని ఒక దీవి ఉంది. అక్కడ చాలా డిస్టిలరీల్లో బార్లీని పీట్ పొగకి ఆరబెడతారు. బురదనేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న నాచు, గడ్డీ గాదం అది. ఆ దీవి సీసా విప్పి, బావమరిదీ తోడల్లుడూ గ్లాసుల్లో ముక్కులు పెట్టి "తోలు" అని ఒకరూ "చాక్లెట్" అని ఒకరూ వాదించుకుంటుంటే, ఆవిడ పకోడీల పళ్లెం పెడుతూ "ఆస్పత్రి వార్డు పక్కన తడి పిడకలు రాజేసినట్టుంది" అంది. బావమరిది ఫోన్లో వెతికి తెల్లబోయాడు. ఆ రకానికి అయోడిన్, ఆస్పత్రి, పొగ అని పెద్దలే రాసిపెట్టారు. అది ఫినాల్స్ వాసన. ఇంగువ పోపు మాడబోతోందని వీధిగది నుంచే పసిగట్టే ముక్కుకి ఫినాల్స్ ఒక లెక్కా! స్కాట్లాండులో రిచర్డ్ ప్యాటర్సన్ అనే బ్లెండరు ముక్కుకి కంపెనీ వాళ్లు బీమా చేయించారట. మా ఇంట్లో ముక్కుకి మాత్రం పుడక తప్ప ఏ భద్రతా లేదు.

ఇప్పుడు సలహాలన్నీ ఆవిడ ముందుకే వెళుతున్నాయి. "అక్కేమంది?" అని వాడు, "వదినగారికి చూపించారా?" అని ఈయన. నా అభిప్రాయం ఎవరూ అడగరు. నాకు సీసా కొనే అధికారం మాత్రం మిగిల్చారు. మొన్న ఆవిడ తీర్పు వెలువడింది: ఆ పొగ సీసాలు బీరువాలో ఉంటే కంచిపట్టు చీరలకి వాసన పడుతోంది, అటక మీదికి మార్చమని. మార్చాను. నాకు మోకాళ్ల నొప్పులు, స్టూలెక్కలేను. మా బావమరిది ఆరడుగులవాడు, వాడికి స్టూలక్కర్లేదు.