శ్రీమదప్రమత్తరాయలు

బళ్ళారిలో మా బావగారి యింటికి పోయిన బంధువునకు చేరిన పూట ఉగ్గానియు మిరపకాయ బజ్జియు, మరునాటి యుదయమున కోటకథయు తప్పించుకొనరానివి. హనుమప్పనాయకుడు కొండమీద కట్టిన కోటను హైదరాలీ వశపరచుకొని, ఒక ఫ్రెంచి యింజనీరుచేత క్రిందికోటను కట్టించి, బురుజులును అగడ్తయు సర్వమును సిద్ధమైన పిమ్మట తలయెత్తి చూడగా, ఎదుటనున్న కుంబారగుడ్డ తన కోటకంటె ఎత్తుగా నుండెననియు, ఆ గుడ్డమీద ఫిరంగి నెక్కించినవానికి తన కోట విస్తరిలో వడ్డించిన అన్నమేయని గ్రహించి, ఆ యింజనీరును కోటవాకిటనే ఉరితీయించెననియు ఆ యూర నేటికిని చెప్పుకొందురు. కన్నడమున గుడ్డయనగా కొండ యని యెరుగని గుంటూరువాడను గనుక, మొదటిసారి విన్నప్పుడు నేను వస్త్రఖండమొకటి కోటకంటె ఎత్తెట్లగునని చాలసేపు చింతించితిని. కథ ముగించి బావగారు చూపుడువ్రేలెత్తి, "చూస్తివా? అంత హైదరునే మోసం చేసినారప్పా. మనమెంత?" అందురు.

ఈ "మనమెంత" యనునదే ఆయన వేదాంతము. ఆయన అసలు పేరు పురోహితునకును రేషనుకార్డునకును మాత్రమే తెలియును; బంధువర్గమున ఆయన శ్రీమదప్రమత్తరాయలవారు. ఆయన అప్రమత్తత ఊరక పుట్టినది కాదు. 1953 లో ఆంధ్రరాష్ట్రమేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, బళ్ళారి మైసూరునకును పోగా, ఆయన తండ్రిగారికి ఇల్లొక రాష్ట్రమునను, రాయదుర్గము దగ్గరి చేను మరియొక రాష్ట్రమునను మిగిలినవి. ఆ దినము మొదలు ఒకరు గీచిన గీతను మరియొకరు నమ్మరాదని ఆ వంశమున నియమము. 2021 లో విజయనగరజిల్లా వేరుపడి హంపి సయితము బళ్ళారిజిల్లాను దాటిపోగా, "చూస్తిమా! ఇంట్లో కూర్చున్నా హంపిని ఎత్తుకపోయినారు" అని, తన జేబునుండి ఎవరో దొంగిలించినట్లు బావగారు వారము దినములు వ్యాకులపడిరి.

ఇట్టి మహాపురుషుడొకడు ప్రతి వంశమునను ఉండును. కొబ్బరికాయను నాలుగుసార్లు ఆడించి చూచి కొని, ఇంట కొట్టినపుడది కుళ్ళినదైనచో తన చెవులను గాక కొట్టువాని కులగోత్రములను నిందించువాడతడే. మా బావగారికి తోడు "మోసముల పద్దు" అను పుస్తకమొకటి కలదు. రాజభవనము నేడు మూసినారని చెప్పి యాత్రికుని రత్నాల కొట్టునకు తరలించు బ్యాంకాకు మోసము, దారిలో దొరికిన ఉంగరము నీదేనా యని అడిగి అంటగట్టు ప్యారిసు మోసము, నీ రైలు రద్దయినదని చెప్పి ట్రావెల్సు కొట్టునకు నడిపించు ఢిల్లీ మోసము మొదలగునవన్నియు అందు ఎర్రసిరాతో నెక్కియున్నవి. బళ్ళారి దాటి పది ఊళ్ళు చూడని మనిషికి ప్రపంచములోని మోసములన్నియు కరతలామలకములు. ఊళ్ళు మాత్రము తెలియవు.

మొన్న భాద్రపదము చివర మేము దంపతులమును మా చిన్నవాడును పోగా, బావగారు మమ్ము హంపికి గొనిపోవ నిశ్చయించిరి. కార్తీకము మొదలు మాఘము వరకు హంపికి నిండు సీజను. ఎండకాలమున ఆ బండలమీద అప్పడము కాల్చుకొనవచ్చును. వానలు వెనుదిరిగి చలి యింకను రాని ఈ సంధికాలమే యాత్రకు యోగ్యమని ఆయన సిద్ధాంతము. "పితృపక్షం. మనోళ్ళెవరూ యాత్రకు రారు. దొరలింకా దిగలేదు. మోసం చేసేవాళ్ళకు ఇది సెలవు" అని వివరించిరి. సిద్ధాంతము సగమే సత్యము. నిండు సీజనులో ఒక ఆటోకు పదిమంది యాత్రికులు, ఈ సంధికాలమున ఒక యాత్రికునకు పది ఆటోలు. కావున గదుల వెల తగ్గును, గుళ్ళలో నీడ మిగులును, కాని ప్రతివాని దృష్టియు మనమీదనే వ్రాలును. నాలుగు నెలల రాబడితో పండ్రెండు నెలలు నెట్టుకొనవలసినవానికి ఆ దినపు కూడు మన రూపమున బస్సు దిగుచున్నదని మనము మరువరాదు.

యాత్రకు ముందురాత్రి బావగారు ధనమును ఐదు భాగములు చేసి, లోపలి బనియను జేబునందు, గొడుగు మడతలో, చెప్పు అట్టక్రింద, ఫలహారపు డబ్బా అడుగున నాలుగు భాగములు దాచిరి. ఐదవది ఎక్కడ దాచిరో ఎవరికిని చెప్పలేదు. మరునాటికి ఆయనకును తెలియలేదు.

కమలాపురమున బస్సు దిగగానే ఆటోవారు చుట్టుముట్టిరి. హంపి యంతయు చూపుటకు వెయ్యి రూపాయలని ఒకడనగా, బావగారు రొమ్ము విరిచి కన్నడమున "నావు ఇల్లియవరే" అనిరి. మేమిచటివారమే యని దాని యర్థము. ఆ యువకుడు స్వచ్ఛమైన తెలుగున, "తెలిసింది సార్, బళ్ళారి కదా? ఇక్కడోళ్ళెవరూ ఇక్కడోళ్ళమని చెప్పరు" అనెను. తెలుగును కన్నడమును అందరికిని వచ్చు ఆ సీమలో రహస్యము చెప్పుకొనుటకు భాషయే కరవు. అందుచే బావగారు నా చెవిదగ్గరకు వంగి గీర్వాణమున "మూల్యమధికం" అనిరి. "అధికమేం కాదు స్వామీ" అని ఆటోయతడు వెంటనే ప్రత్యుత్తరమిచ్చెను. నలుబది నిముషముల బేరమునకు పిమ్మట అతడు ఏడువందలకు సమ్మతింపగా బావగారి ముఖము వాడిపోయెను. ఒప్పుకొననివాడు దొంగ, ఒప్పుకొన్నవాడు గజదొంగ యని ఆయన ధర్మశాస్త్రము.

దారిలో ఆ యువకుడు, "సార్, ఈ పొద్దు పుట్టీలు లేవు. డ్యాం గేట్లెత్తినారు, నీళ్ళెక్కువ. ఆనెగొంది చూడల్లంటే వంతెన మీద తిప్పుకొని పోతా" అనెను. అంతట బావగారి కన్నులలో ఒక దివ్యతేజము వెలిగెను. బ్యాంకాకు! మూసినారను మోసము! ముప్పది సంవత్సరములుగా పద్దులో నిరీక్షించుచున్న ఎర్రసిరా అక్షరములు సాక్షాత్కరించినట్లై, ఆయన ఆటోను నిలిపించి, మమ్మందరను దింపి, మిట్టమధ్యాహ్నమున రాళ్ళమీదుగా నదీతీరమునకు నడిపించిరి. తుంగభద్ర మట్టిరంగు నీళ్ళతో ఒడ్డులొరసి పారుచుండెను. పుట్టీలన్నియు బండమీద బోర్లించిన జల్లెడలవలె వరుసగా నిదురించుచుండెను. బావగారు ఆ పుట్టీలను చూచి, నదిని చూచి, నది కూడ ఆటోవానితో కుమ్మక్కైనట్లు తల పంకించిరి.

విఠలాలయముకడ నలుబది రూపాయల టిక్కెట్టు. అదే టిక్కెట్టు ఆ దినమున రాణివాసపు ఆవరణకును, కమలాపురపు పురావస్తుశాలకును చెల్లును. అంత విలువైన కాగితము పోరాదని ఆయన దానిని ఎచట దాచిరో గాని, ఆ ఆవరణలోని కమలమహలు చేరునప్పటికి తెలిసిన నాలుగు స్థలములలోను కనబడక, మరల నందరకును టిక్కెట్లు కొనవలసివచ్చెను. రాతిరథముముందు బావగారు ఏబది రూపాయల నోటొకటి తీసి, దానిమీది రథపు బొమ్మతో ఎదుటి రథమును చక్రము చక్రముగా సరిపోల్చిరి. నోటును రథముతో పరీక్షించువారు కలరేమో. రథమును నోటుతో పరీక్షించినవారు ఈయనయే. పిమ్మట, "రథం అసలుదే" అని తీర్పు చెప్పిరి. 1443 లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్‌ రజాకు ఇచటి వీథులలో రత్నాలు బహిరంగముగా అమ్ముచుండిరని వ్రాసెనని నేననగా, "అసలువేనా అని ఒక్కడన్నా అడిగినాడంట?" అని ప్రశ్నించిరి. విజయనగరసామ్రాజ్యపతనమునకు 1565 లోని యుద్ధమునకంటె ఇదియే ముఖ్యకారణమని ఆయన భావించినట్లు తోచినది.

సాయంకాలము విరూపాక్షాలయపు వీథిలో మేము చెరకురసము త్రాగుచుండగా, తెల్లని పంచెయు, భుజమున సంచియు గల వృద్ధుడొకడు మావైపు చూచి, ఏమియు అడుగక, బావగారితో మెల్లగా, "అయ్యా, ఇక్కడ జాగ్రత్త. అంతా మోసం. మీవంటి తెలిసినోళ్ళు కాబట్టి చెప్తాండా" అనెను. ఆ మాట చెవిని పడగానే ఐదు స్థలములలోని ధనమును ఒక్కసారి కరగినది. అనుమానస్థుని పట్టుటకు అనుమానమును మించిన ఎర లేదు. దినమంతయు ప్రపంచముతో ఒంటరిగా పోరాడినవానికి తన పక్షమున ఒక్కడు నిలిచినచో, వానిని పరీక్షించుటకు మనసొప్పదు. అరగంట సేపు ఇరువురును లోకమునందలి మోసములను సోదరులవలె చర్చించుకొనిరి. తుదకు ఆ వృద్ధుడు సంచినుండి పచ్చబారిన రాగినాణెమొకటి తీసి, తన చేలో దొరికినదనియు, మీదనున్న నాగరాక్షరములు కృష్ణరాయలవారివనియు, దొంగల చేతబడుటకంటె పెద్దమనుష్యులకడ నుండుట మేలనియు పలికెను. మూడువేలన్నది బావగారి బేరమునకు ఆరువందలైనది.

"బావగారూ, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇలాంటివి అమ్మకూడదండీ. నిజమైతే నేరం, అబద్ధమైతే నష్టం" అని నేననబోగా, ఆయన నా చేయి నొక్కి, "నెమ్మదిగా మాట్లాడప్పా, ఆ ఆటోవాడు వినేను" అనిరి.

ఆటో యెక్కకముందే వెల యడుగుట, టిక్కెట్టుమీది అక్షరములు చదువుట, గైడు కావలసినచో ప్రభుత్వపు గుర్తింపుకార్డు చూడగోరుట, పచ్చబారిన నాణెమును చూచి నమస్కరించి ముందునకు సాగుట, ఈ నాలుగును హంపియాత్రికునకు చాలిన కవచమని నా యభిప్రాయము. అంత తేలికగా ముగియు విషయమునకు పద్దు పుస్తకమెందులకని బావగారి అభిప్రాయము.

రాత్రి ఇల్లు చేరిన పిమ్మట బావగారు నాణెమును అక్కయ్య చేతబెట్టి, ఐదువందల యేండ్ల చరిత్రను ఐదు నిముషములలో వినిపించిరి. అక్కయ్య పూజాపాత్రలు తోముకొనుచుండెను. చింతపండైనను అంటకముందే, చెంబులోని నీళ్ళు తగులగానే ఐదువందల యేండ్ల పచ్చదనము రంగై కరగి ఆమె వ్రేళ్ళవెంట కారిపోయెను. అడుగున నిన్నమొన్న పుట్టిన శిశువువలె ఒక ఇత్తడిబిళ్ళ మెరసెను. గదిలో ఎవరును ఊపిరి తీయలేదు. బళ్ళారిలో ముప్పది సంవత్సరములు కాపురము చేసిన అక్కయ్య తన పచ్చని వ్రేళ్ళను చూచుకొని, నిట్టూర్చి, "కోట అన్ని దిక్కులా బాగానే కట్టినారు. గుడ్డ ఒకటి మరిచినారు" అనెను.

ఆ మాట విని మా చిన్నవాడు పరుగున పోయి, ఆమె చేతులు తుడుచుకొనుటకు తువాలు తెచ్చి ఇచ్చెను. బావగారికి రెండు భాషలును వచ్చును, కావున మాటాడలేదు.