ఆఖరి భాగం, ఆళ్లగడ్డ బస్సు

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి, ఏడు భాగాల అంతరిక్ష ప్రేమ నవలలో ఆఖరిది తెరిచాను. దారి సుమారు 40 కిలోమీటర్లు, మిగిలింది 40 పేజీలు. హీరో కాంతివేగంతో వస్తున్నాడు. మన బస్సు శిరివెళ్లలో మూటలు ఎక్కించుకుంటోంది. 1991లో ‘ఆదిత్య 369’ ఒక్క సినిమాలోనే రాయలవారినీ, 2504వ సంవత్సరాన్నీ చూపించి ఇంటికి పంపింది. వీళ్లకు ఏడు పుస్తకాలూ చాల్లేదు.

పక్కసీటు పెద్దాయన నా భుజం మీదుగా రెండు పేజీలు లాగించి, “పెండ్లయితాదా లేదా నాయనా?” అన్నాడు. ఏడు గ్రహాలు తిరిగినా కాలేదన్నాను.

“మా అహోబిలం సామే నయం. కనుమనాడు పారువేటకు బయల్దేరి, పెండ్లికి పిలిచేదానికి 40 దినాలు ఊర్లు తిరుగుతాడు. తిరిగినా, పెండ్లి మాత్రం చేసుకుంటాడు!”

నిజమే. సగం సింహం వరుడు, చెంచుపిల్ల వధువు. గ్రహాంతర ప్రేమలు ఈ తాలూకాకు కొత్తా?

ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడు వినబడేసరికి చివరి పేజీ. హీరోయిన్ చేయి చాపింది. కింద చిన్న అక్షరాలు: ‘వీరి పిల్లల కథ వచ్చే ఏడాది.’

పెండ్లి సంగతి పెద్దాయనకు ఏం చెప్పను? ముందు డోరు వైపు నడిచాను.