మా ఇంటి ప్రణాళికా సంఘం

ఢిల్లీలో ప్రణాళికా సంఘాన్ని ఎత్తేస్తామని 2014లో ప్రకటించారు. అమీర్‌పేటలో మా డైనింగ్ టేబుల్ మీద మాత్రం అది ఇంకా నడుస్తూనే ఉంది. అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యులు అన్నీ నేనే. ఎజెండా ఒక్కటే. విశాఖ ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున బయల్దేరి, సముద్రాన్ని కుడిచేతి పక్కనే పెట్టుకుని, పొద్దుగూకేలోగా కాలినడకన భీమిలి చేరడం. దాదాపు ముప్పై కిలోమీటర్లు.

ఈ పిచ్చి నాకు ఫోన్లో పట్టింది. వేల్స్‌లో 2012లో తీరం పొడుగునా 1400 కిలోమీటర్ల కాలిబాట తెరిచారు. నా వయసు వాళ్ళు, నాకంటే పొట్ట ఉన్నవాళ్ళు, వానలో తడుస్తూ గొర్రెల మధ్యనుంచి దాని మీద నడిచిపోయే వీడియోలు రాత్రిపూట మంచం మీద పడుకుని చూస్తాను. వాళ్ళు 1400 నడిస్తే మనం ముప్పై నడవలేమా అన్న పౌరుషం నాకు ఎప్పుడూ పడుకునే ఉన్నప్పుడే వస్తుంది.

సంగతి మా ఆవిడకి చెప్పాను.

"అటు బస్సు లేదా?" అంది.

"ఎందుకు లేదు? 900కె. బీచ్ రోడ్డు మీదుగానే వెళ్తుంది."

"కిటికీ పక్క సీటు దొరకదా?"

"పొద్దున్నే అయితే దొరుకుతుంది."

"మరి?"

ఆ 'మరి'కి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పెండింగ్‌లో పెట్టి పని మొదలుపెట్టాను.

ముందు కాలం లెక్క. నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు. గంటకి ఐదు కిలోమీటర్ల నడక, ఎక్కే ప్రతి ఆరువందల మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట కలుపుకోవాలి. ఆ లెక్కన భీమిలికి ఆరు గంటలు. దారిలో తొట్లకొండ ఎక్కి బౌద్ధారామం చూస్తే, ఆ కొండ నూటపాతిక మీటర్ల చిల్లర కాబట్టి, ఇంకో పన్నెండు పదమూడు నిమిషాలు. ఎక్సెల్ షీట్‌లో ఈ పదమూడు నిమిషాలకి ప్రత్యేకంగా ఒక గడి పెట్టి, దానికి పచ్చరంగు వేశాను. మా ఇంట్లో గ్యాస్ బుకింగ్ తేదీకి కూడా అంత మర్యాద దక్కలేదని మా ఆవిడ అభిప్రాయం.

తర్వాత దారి. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడు మ్యూజియంగా ఒడ్డున స్థిరపడ్డ కురుసుర జలాంతర్గామి దగ్గర ఆరంభం. తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్ దాటి రుషికొండ. రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. అది పర్యావరణానికి సంబంధించిన గొప్ప గుర్తింపని అందరూ అంటారు. యాభై దాటినవాడికి దాని అర్థం ఒకటే: అక్కడ మరుగుదొడ్డి ఉంటుంది. షీట్‌లో దానికీ పచ్చరంగే. ఆ తర్వాత మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం. అది దాటాక ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళపాటు గాలీ నీరూ పోసిన ఇసుకకి ఇనుము తుప్పు రంగు పట్టి ఎర్రబడ్డవి. తమిళనాడులో తేరి ఇసుకలని ఇలాంటివే ఉన్నాయి. చివర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమిలి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ళ సమాధులున్నాయి. నడిచి నడిచి అక్కడికి చేరేవాడికి సమాధులు ఎదురురావడం శుభమా అని మా అమ్మాయి అడిగింది. ఆ అడగడంలో వాళ్ళమ్మ పోలికే.

అసలు చిక్కు సముద్రంతో వచ్చింది. పొడి ఇసుకలో కాలు దిగబడిపోతుంది, నెయిస్మిత్ గారు కూడా దిగబడిపోతారు. నీళ్ళు వెనక్కి తగ్గాక మిగిలే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీద నడవాలి. నీళ్ళు బాగా తగ్గేది అమావాస్య, పున్నముల దాపున. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలోకి వచ్చి లాగుతారు కాబట్టి పోటు ఎక్కువ, పాటు ఇంకా లోతు. ఆ రోజుల్లో మంగమారిపేట తోరణం దగ్గరికి సుఖంగా వెళ్ళొచ్చు. ఈ విజ్ఞానమంతా సంపాదించి, సగర్వంగా క్యాలెండర్ మీద అమావాస్యకి సున్నా చుట్టాను.

మా అత్తగారు ఆ సున్నా చూశారు.

"అమావాస్యనాడు ప్రయాణమా బాబూ?"

నేను ఆటుపోట్ల గురించి వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని పంచాంగం తెరిచారు. అమావాస్య కూడదు. పాడ్యమి అసలే కూడదు. విదియ భేషుగ్గా ఉంటుంది. నేను మళ్ళీ పట్టికలు తిరగేశాను. సముద్రం కాస్త నిదానస్తురాలు. చంద్రుడు లాగిన లాగుడు దానికి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా అందుతుంది. అందుకని బాగా లోతు పాటు విదియ ప్రాంతానే పడుతుంది. శాస్త్రం, పంచాంగం ఒక్క తేదీ మీదికి వచ్చి నిలబడ్డాయి. నా జీవితంలో అత్తగారూ నేనూ ఏకాభిప్రాయానికి వచ్చిన అరుదైన సందర్భం అది, సాయంత్రం కాఫీ దాకా నిలిచింది. కాఫీ తాగుతూ ఆవిడ వారశూల తీశారు. సోమ, శనివారాలు తూర్పుకి పోకూడదు. శుక్ర, ఆదివారాలు పడమటికి రాకూడదు. విశాఖ మనకి తూర్పు. శనివారం వెళ్ళడానికి లేదు, ఆదివారం తిరిగి రావడానికి లేదు. వారశూల పెట్టిన మహానుభావుడికి శని, ఆదివారాలు సెలవు ఉండేది కాదని స్పష్టంగా తెలుస్తోంది. చివరికి శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శూల తగలదని తేలింది. తిరిగి రావడం మీద చర్చ వాయిదా పడింది.

ఇక సాధన. వీపున బరువుతో నడిచి అలవాటు చేసుకోవాలని వీడియోల్లో చెబుతారు. కొత్త బ్యాగులో ఐదు కిలోల సోనా మసూరి బియ్యం, రెండు లీటర్ల నీళ్ళు, ఒక తాడు, ఒక విజిల్ వేసుకుని ఆదివారం పొద్దున మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తాకి బయల్దేరాను. కిలోమీటరు పైచిలుకు. నెయిస్మిత్ లెక్కలో పావుగంట.

నెయిస్మిత్ అమీర్‌పేట చూడలేదు. ఇక్కడ భుజాన బ్యాగు ఉన్న ప్రతివాడూ ఏదో జిల్లా నుంచి కోర్సు నేర్చుకోవడానికి ఆ పూటే బస్సు దిగినవాడు. పది అడుగులు వేశానో లేదో చేతిలో పైథాన్ కాగితం పడింది. ఇంకో నాలుగు అడుగులకి డేటా సైన్స్, డెమో ఉచితం. వెనకనుంచి ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, హాస్టల్ కావాలా? త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్, వైఫై ఉంది." ఆ 'అన్నా'కి నా నడుము నిటారైంది. అతను పక్కకి వచ్చి నా ముఖం చూశాడు. "సారీ అంకుల్, మీ బాబుకా?"

ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండి ఉంటే రోడ్డు మీదికి దిగాలి. రోడ్డు మీద ఆటో ఉంటే ఫుట్‌పాత్ ఎక్కాలి. ఈ ఎక్కిదిగుడంతా కూడితే తొట్లకొండ అయి ఉంటుంది. పంజాగుట్ట చేరేసరికి ముప్పావుగంట పట్టింది. నిమ్స్ ఆసుపత్రి దూరం కాదన్న ధైర్యం ఒక్కటే నన్ను నిలబెట్టింది. తిరుగు నడక ఆలోచన కూడా రానివ్వలేదు. మెట్రో ఎక్కాను. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట, ఒక్కటంటే ఒక్క స్టేషన్.

స్కానర్‌లో బ్యాగు ఆగింది.

"ఏముంది సార్ ఇందులో?"

"బియ్యం."

ఆ అమ్మాయి మళ్ళీ తెర వైపు చూసింది. "ఇక్కడ కొన్నారా?"

"లేదమ్మా, ఇంటి నుంచి తెచ్చాను."

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"ఇంటికే."

ఆమె తాడూ విజిలూ బయటికి తీసి చూసి, నా ముఖం చూసి, జాలిగా లోపల పెట్టేసింది. ఆ మధ్యాహ్నం మా ఆవిడ ఆ బియ్యమే వండింది. "ఊరేగి వచ్చిన బియ్యం, కళ్ళకద్దుకుని తినండి" అంది పిల్లలతో.

అన్నం దగ్గరే మా అత్తగారు తన సంగతి చెప్పారు. ఆవిడది అనకాపల్లి. పెళ్ళికి ముందు సింహాచలం గిరిప్రదక్షిణ చేసేవారట. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, వానలో, రాత్రంతా. దారిలో సముద్ర స్నానం. ఇప్పటికీ లక్షల మంది నడుస్తారు. అందులో ఎక్సెల్ షీట్ వేసుకున్నవాడు ఒక్కడైనా ఉంటాడని నేను అనుకోను.

"ఏం పట్టుకెళ్ళేవారండీ?" అని అడిగాను.

"కొంగున కాస్త చిల్లర. దారి పొడుగునా పులిహోర, మజ్జిగ వాళ్ళే ఇస్తారుగా. మీ భీమిలి దారిలో ఎవరిస్తారు బాబూ?"

"ఎవరూ ఇవ్వరండీ."

"చివర ఏ దేవుడు?"

"దేవుడు లేడండీ. ఊరికే నడవడమే."

ఆవిడ కాసేపు నన్ను చూసి, గొంతు తగ్గించి మా ఆవిడని అడిగారు: "ఆఫీసులో ఏమైనా ఇబ్బందా?"

నన్ను ఒంటరిగా పంపడం మంచిది కాదని ఆ రాత్రే తీర్మానం అయింది. గాజువాకలో ఉన్న మా బావమరిది ఫోన్లోనే కారు మాట్లాడేశాడు. "నువ్వు నడు బావా, మేం వెనకే కార్లో వస్తాం" అన్నాడు. మొదట అలాగే అనుకున్నాం. తర్వాత కారు ఎలాగూ ఉంది కదా అని సింహాచలం దర్శనం చేరింది. భోజనానికి గాజువాక రాకపోతే వాళ్ళావిడ ఊరుకోదు. పిల్లలకి జలాంతర్గామి చూపించాలి. షీట్‌లో గడులు ఒక్కొక్కటే మా అమ్మాయి తీసేస్తూ వచ్చింది. నాకు ఎదురు చెప్పాలనిపించలేదు. నిజానికి ప్రతి గడి పోతుంటే నా మోకాళ్ళు లోలోపల దణ్ణం పెట్టుకున్నాయి. ఆఖరికి నడక ఒక్క పచ్చ గడిలో మిగిలింది: రుషికొండ బీచ్, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరు.

టికెట్లు తీసుకోవడం అయిపోయింది. ఆ అరగంటలో సముద్రం పోటు మీద ఉంటుందా, పాటు మీద ఉంటుందా అని రాత్రిళ్ళు కూర్చుని చూస్తున్నాను. విజిల్ తీసుకెళ్ళాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.