లైసెన్సు లేని కట్టె

చొక్కా కింద తుపాకి పెట్టుకుని తిరగడానికి పర్మిట్ కావాలా, అక్కర్లేదా అని అమెరికాలో ఏళ్ళ తరబడి తగువులాడుకుంటున్నారు. అక్కర్లేదని తేల్చిన రాష్ట్రాలు ఇప్పటికి 29. వెర్మాంట్ వాళ్ళయితే మొదటినుంచీ ఆ కాగితం అడిగిన పాపాన పోలేదు. మనవాళ్ళు ఇళ్ళు కొని, గుళ్ళు కట్టి, గోంగూర పెరట్లో పండించుకునే టెక్సాస్ కూడా 2021 సెప్టెంబరు 1న ఆ వరసలో చేరింది. 21 ఏళ్ళు నిండి, నేరచరిత్ర లేకపోతే చాలు. పిస్తోలు నడుముకు తగిలించుకుని కరివేపాకు కొనుక్కుని రావచ్చు. దుకాణం వాడు వద్దని బోర్డు పెడితే తప్ప అడ్డు లేదు.

ఈ కబురు ఎమ్మిగనూరు సోమప్ప సర్కిల్లో ఉగ్గాని, బజ్జీ తింటున్న పెద్దమనుషుల చెవిన వేసి చూడండి. ఒక్కరూ తినడం ఆపరు. “దానికి చట్టమేంటికప్పా? ఎవని కాడ ఏముండాదో ఊరికి తెల్దా?” అని ఇంకో బజ్జీ తెప్పించుకుంటారు. పశ్చిమ కర్నూలుకు ఇది చర్చనీయాంశం కాదు. మనకు ఎప్పుడో తెగిపోయిన పంచాయతీ.

మన దేశపు ఆయుధ చట్టం 1959 నాటిది. అందులో ఆయుధమంటే ఏమిటో చెప్పే చోట పెద్దలు ఒక మినహాయింపు రాశారు. ఇంటి పనికీ, సేద్యం పనికీ మాత్రమే వాడేవి ఆయుధాలు కావన్నారు. ఉదాహరణగా లాఠీనీ, చేతికర్రనూ చూపించారు. ఆ వాక్యం రాసిన మహానుభావుడెవరో గానీ, దసరా నాటి రాత్రి దేవరగట్టుకు వచ్చి ఉండడు.

హొళగుంద మండలంలో ఉంది ఆ గట్టు. విజయదశమి నాటి అర్ధరాత్రి మాళమ్మకూ మల్లేశ్వరుడికీ కొండమీద కల్యాణం జరుగుతుంది. అది అయ్యాక ఉత్సవమూర్తులు కిందికి దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం ముందే పాలమీద బాస చేసి, కట్టెలు పట్టుకుని దేవుళ్ళ చుట్టూ నిలబడతారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ దేవుళ్ళను తమవైపు లాక్కుపోవాలని వస్తారు. వాళ్ళ చేతుల్లోనూ కట్టెలే. దివిటీల వెలుగులో ఎవరి కట్టె ఎవరి తలమీద పడిందో మల్లేశ్వరుడికే తెలియాలి. తల పగిలినవాడు పసుపు అద్దుకుని మళ్ళీ గుంపులో దూరుతాడు. ఏటా పదులమందికి గాయాలవుతాయి, కొన్నేళ్ళు ప్రాణాలు కూడా పోయాయి. అడిగితే మాత్రం అది కొట్లాట కాదంటారు, ఆచారమంటారు. తెల్లవారుజామున బసవన్న గుడి దగ్గర వానల గురించీ పంట ధరల గురించీ భవిష్యవాణి వింటారు. విన్నాక కుట్లు వేయించుకోవడానికి బయలుదేరతారు.

ఆ కట్టెను దగ్గరనుంచి చూడాలి. ఊరికే చెట్టుకొమ్మ విరిచి తెచ్చింది కాదది. నిటారుగా ఉన్నది చూసి కోసి, చెక్కి, ఆరబెట్టి, నూనె పట్టించి ఉంటుంది. కొందరు కొసకు ఇనుప చుట్లు బిగిస్తారు. పోలీసుల తంటా అంతా ఆ చుట్లతోనే. పండగ రోజులు దగ్గర పడగానే ఊరూరా తిరిగి కట్టెలు స్వాధీనం చేసుకుంటారు, సభలు పెట్టి శాంతి గురించి చెబుతారు, గట్టు దగ్గర కెమెరాలు బిగిస్తారు, మీద డ్రోన్లు ఎగరేస్తారు. ప్రభుత్వ వైద్యులు అక్కడే తాత్కాలిక శిబిరం తెరుస్తారు. ఒక చేత్తో కొట్టుకోవద్దని కరపత్రం, రెండో చేత్తో దూది, అయోడిన్. ఇంత ముందుచూపు గల ప్రభుత్వం టెక్సాస్‌లో ఉందా?

స్టేషన్ మూలన కుప్ప పోసిన ఆ కట్టెలకు ఏ సెక్షన్ పెట్టాలన్నది ఎస్సైగారికి పెద్ద పరీక్ష. చట్టం ప్రకారం అది సేద్యపు పనిముట్టు. ఇనుప చుట్టు వేస్తే ఆయుధం. చుట్టు ఊడదీస్తే మళ్ళీ సేద్యం.

కొడవలిదీ అదే కథ. తొమ్మిదంగుళాల కంటే పొడవో, రెండంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులను నిబంధనలు ఆయుధాల పట్టీలో చేర్చాయి. కానీ వంటింటికీ పొలానికీ చేసినవాటిని వదిలేశాయి. చేను కోసే కొడవలి రైతుది, వేటకొడవలి సినిమాది అని బయటి ఊళ్ళవాళ్ళు అనుకుంటారు. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చినప్పటినుంచీ కర్నూలువాడు హైదరాబాదులో అద్దెకు ఇల్లు అడిగితే ఓనరు ముందు చూసేది వాడి చేతులు. మా ఊళ్ళో పత్తి చెక్కులు ఎత్తే హమాలీ భుజాన ఇనుప కొక్కెం వేసుకుని నడిబజార్లో నడుస్తుంటాడు. దాన్ని చూసి ఎవరూ భయపడరు, ఎందుకంటే అతను దాన్ని దాచడు.

సినిమాలు నవ్వుకోవడానికి బాగుంటాయి. కప్పట్రాళ్ళ ఊరి కథ నవ్వే సంగతి కాదు. 2008 మే నెలలో ఆ ఊరి ఫ్యాక్షన్ నాయకుడు వెంకటప్పనాయుడినీ, ఆయన అనుచరులనూ దారికాచి చంపారు. 2014లో ఆదోని కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. ఆ తర్వాత ఎస్పీగా ఉన్న ఆకే రవికృష్ణ ఆ ఊరినే దత్తత తీసుకున్నారు. ఒక పోలీసు అధికారి ఊరిని దత్తత తీసుకోవాల్సి వచ్చిందంటే, ఎన్నేళ్ళు ఆ ఊరికి తల్లీతండ్రీ లేకపోయారో లెక్క వేసుకోండి.

ఇక అసలు తుపాకి. చట్టబద్ధంగా కొనుక్కుందామనుకునే అమాయకుడు ఆదోని నుంచి కర్నూలు కలెక్టరాఫీసు దాకా వంద కిలోమీటర్లకు దగ్గరగా ప్రయాణం చేయాలి. (ఆదోనిని జిల్లా చేయమని అడిగేవాళ్ళు ఈ పాయింటు ఎందుకో వాడుకోవడం లేదు.) దరఖాస్తు పెట్టాక పోలీసు విచారణ జరుగుతుంది. నీకు ప్రాణహాని ఉందా అన్నదే అందులో గట్టి ప్రశ్న. లేదంటే తుపాకి ఎందుకు? ఉందంటే ఎవరితో? ఫలానావాడితో అంటే, వాడితో నీకేం పని? ఫ్యాక్షన్ ఉందా? ఉంటే నీకు తుపాకి ఇవ్వడం ప్రమాదం. లేకపోతే అనవసరం. ఈ రెంటి మధ్య దూరగలిగినవాడికి అయిదేళ్ళకు లైసెన్సు దొరుకుతుంది. 2019 సవరణకు ముందు మూడేళ్ళకే ఇచ్చేవారు. మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నదాన్ని అదే సవరణ రెండుకు కుదించింది. ఉన్న రెండు చేతులకు సరిపోయేట్టు కొలత తీసినట్టున్నారు.

రెన్యూవల్ అనే మాటను మాత్రం మా వైపు తేలిగ్గా అనరు. పత్తికొండలో వైఎస్సార్ కాంగ్రెస్ ఇన్‌ఛార్జిగా ఉన్న చెరుకులపాడు నారాయణరెడ్డిని 2017 మే 21న కృష్ణగిరి మండలంలో దారికాచి నరికి చంపారు. రెన్యూవల్‌కు ఇచ్చిన తుపాకి ఆయన చేతికి తిరిగి రాలేదని ఆ పార్టీవాళ్ళు అప్పట్లో ఆరోపించారు. చేతిలో ఉంటే బతికేవాడా అన్నది ఎవరూ చెప్పలేరు. ఫైలు నడకకూ మోటారు బండి వేగానికీ ఉన్న తేడా మాత్రం ఆ రోజు అందరికీ అర్థమైంది.

అయితే మన దగ్గర చొక్కా కింద తుపాకి దాచుకుని, ఎవరి అనుమతీ అడక్కుండా పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ తిరిగే మనిషి నిజంగానే ఒకడున్నాడు. గన్‌మన్. పొట్టి క్రాఫు, సఫారీ గుడ్డలు, నల్ల బూట్లు, నడుము దగ్గర చొక్కా కాస్త ఉబ్బు. బండి ఆగకముందే దిగుతాడు, తలుపు తీస్తాడు, నాయకుడి మెడలో పడ్డ దండలు తీసి మోస్తాడు, రెండు ఫోన్లు పట్టుకుంటాడు, అభిమానులకు సెల్ఫీలు తీసి పెడతాడు. కల్యాణమండపంలో ఓళిగలు వడ్డించేటప్పుడు అతనికి బంతిలో చోటు దొరకదు. నాయకుడి కుర్చీ వెనక నిలబడి ఆకులు లెక్కపెడుతుంటాడు. ఇన్ని పనుల మధ్య తుపాకి తీయాల్సి వస్తే ముందు ఆ దండలు ఎక్కడ పెట్టాలన్నది అతనికి ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

అమెరికావాడు పాపం సొంత డబ్బుతో కొనుక్కుని, సొంత నడుముకు కట్టుకుని, సొంతంగా గురి నేర్చుకోవాలి. మన నాయకుడికి తుపాకి ప్రభుత్వానిది, తూటాలు ప్రభుత్వానివి, మోసే మనిషి జీతమూ ప్రభుత్వానిదే. నాయకుడికి లైసెన్సు అక్కర్లేదు. దీనికి కొలత కూడా ఉంది. వన్ ప్లస్ వన్ అయితే ఎదుగుతున్నవాడు. టూ ప్లస్ టూ అయితే ఎదిగినవాడు. ఫోర్ ప్లస్ ఫోర్ అయితే అతని బండికి ట్రాఫిక్ కానిస్టేబులు తానే దారి ఇస్తాడు. ఎవరికి ఎందరో తేల్చడానికి సెక్యూరిటీ రివ్యూ కమిటీ ఉంది, దాని లెక్కలు దానికున్నాయి. ఊరి లెక్క మాత్రం వేరు. ఓట్ల లెక్కింపు రోజు పొద్దుగూకేసరికి ప్రాణహాని ఓడినవాడి ఇంట్లోంచి మూటాముల్లె సర్దుకుని గెలిచినవాడి ఇంటికి మకాం మారుస్తుంది. ఓడినాయన మర్నాడు పొద్దున వాకిట్లో ఒంటరిగా పేపరు చదువుకుంటూ కనబడితే, శత్రువులంతా రాత్రికి రాత్రే మంచివాళ్ళయిపోయారని అర్థం చేసుకోవాలి.

లైసెన్సు ఉన్న సామాన్యుడి గతి వేరు. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే తుపాకి తెచ్చి స్టేషన్లో పెట్టమంటారు. పెట్టి, రశీదు జేబులో వేసుకుని ఇంటికి పోతాడు. ఎన్నికలయ్యాక రశీదు చూపించి తెచ్చుకుంటాడు. లైసెన్సు లేనివాడికి ఈ తిప్పలు లేవు. కాగితంలో లేని తుపాకికి రశీదు ఇచ్చే అధికారి ఇంకా పుట్టలేదు. నాటుబాంబులకైతే డిపాజిట్ కౌంటరే లేదు. మూడు నెలలు గొళ్ళెం వెనక పడి ఉండేది, ఊరంతటికీ భయంలేని ఆ ఒక్క తుపాకే.

చరిత్ర తిరగేస్తే ఈ పద్ధతి మన సొంతం కూడా కాదు. 1878లో లిట్టన్ దొర తెచ్చిన ఆయుధాల చట్టం కింద భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్‌కు అక్కర్లేదు. 1918లో ఖేడా రైతులను సైన్యంలో చేరమని అడిగినప్పుడు గాంధీగారు సైతం ఆ చట్టాన్ని తిట్టిపోశారు. అమెరికా తుపాకి ప్రియులు ఆ తిట్టును ఇప్పటికీ ఆయన బొమ్మ పక్కన వేసుకుంటారు. ఏ సందర్భంలో అన్నాడో, ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు ఏం చేశాడో మాత్రం వేసుకోరు. పక్క రాష్ట్రంలో కొడగువాళ్ళకు ఆ కాలంనుంచే మినహాయింపు ఉంది. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా దానికి సరేనంది. మినహాయింపు ఎవరికన్నదే ఎప్పుడూ అసలు చట్టం. అప్పుడు దొరకు, ఇప్పుడు దొరగారి వెనక బండికి.

పోనీ, టెక్సాస్ చట్టాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఆదోనిలో పెడితే? నాకు ఒకటే అనుమానం. తుపాకి కొంటారు, లోటు లేదు. దాచడమే మనవల్ల కాదు. కొన్న మర్నాడే భీమాస్ సర్కిల్లో ఫ్లెక్సీ లేస్తుంది. నల్లకళ్ళద్దాలు, చేతిలో పిస్తోలు, వెనక పులి, కింద పాతిక మంది మిత్రబృందం ఫొటోలు. పుట్టినరోజు కేకును తల్వారుతో కోసి, ఆ వీడియో తామే స్టేటస్ పెట్టి, తెల్లారి స్టేషన్లో తలవంచుకుని నిలబడే కుర్రాళ్ళు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. సంబరానికి గాల్లో కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని 2019లో చట్టం చేసినవాళ్ళు మనల్ని తలుచుకునే చేసి ఉంటారు. దాచుకుని తిరిగే హక్కు కోసం అంత పెద్ద దేశం కొట్టుకుంటుంటే, చూపించుకుని తిరిగే హక్కు తప్ప మనకు మరొకటి అక్కర్లేదు.

ఇంత గొడవలో తుపాకి అవసరం నిజంగా ఉన్నవాడు కౌతాళం వైపో ఆలూరు వైపో చేనుగట్టు మీద మంచె వేసుకుని పడుకున్నాడు. కృష్ణజింకలు మందలుగా దిగి మొలక దశలోనే పత్తి, శనగ మేసిపోతాయి. వాటిమీద చెయ్యి వేస్తే వన్యప్రాణి చట్టం కింద జైలే, అది న్యాయమే అనుకుందాం. అడవిపందులు వేరుశనగ చేను పెకలిస్తాయి. రైతు చుట్టూ పాత చీరలు కట్టి, డబ్బా మోగించి, టార్చి వేసి చూశాడు. పందులు చీరల రంగులకు అలవాటు పడిపోయాయి. పంట రక్షణకు కూడా తుపాకి లైసెన్సు అడగొచ్చని ఎవరో చెబితే ఫారం తెచ్చుకున్నాడు. పొలం ఎక్కడ, ఎన్ని ఎకరాలు అని ఉన్న గడి దగ్గర కలం ఆగింది. చేను కౌలుది. పాసుబుక్కు ఆసామి పేర ఉంది. ఫోన్ చేశాడు.

“సామీ, పందులకు తుపాకి కావాలంట. మీ పేరు మీద ఒక దరఖాస్తు పెడతారా?”

ఆసామి బెంగళూరులో పన్నెండో అంతస్తులో ఉంటున్నాడు. దరఖాస్తు పెట్టే అర్హత ఆయనకు పుష్కలంగా ఉంది. ఆ లిఫ్టులో పందులే రావు.