ఎనిమిదితో సరి!

హైస్కూలు పిల్లలకు ఏం కావాలా అని పెద్దలు తెగ చర్చిస్తున్నారు. ఆ చర్చల్లో హైస్కూలు పిల్లలు ఎవరూ ఉండరనుకోండి, అది వేరే సంగతి.

నిజానికి జాబితా 2009లోనే తయారైంది. విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో మంచినీళ్లు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి, ఆటస్థలం, గ్రంథాలయం అన్నీ రాసే ఉన్నాయి. అమలు కూడా భేషుగ్గా సాగుతోంది. గ్రంథాలయం అంటే బీరువా. బీరువా హెచ్‌ఎం గదిలో ఉంటుంది. పుస్తకం చిరిగితే సంజాయిషీ ఎవరు ఇచ్చుకుంటారు? అందుకే తాళం! ఇక ఆటల పీరియడ్ టైంటేబుల్‌లో పదిలంగా ఉంది, ఆ గంటలో లెక్కల మాస్టారు సిలబస్ పూర్తి చేస్తుంటారు. పదో తరగతివాళ్లకైతే ఆ పీరియడ్ పేరు కూడా గుర్తుండదు.

అదే చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బోధనేతర పనీ టీచర్లకు అప్పగించొద్దంటోంది. మధ్యాహ్న భోజనం ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం ఏ సబ్జెక్టు కిందికి వస్తుందో మరి!

అన్నట్టు, ఈ హక్కు పద్నాలుగేళ్ల దాకా, ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదిలో కాలు పెట్టగానే చట్టం టీసీ చేతిలో పెడుతుంది. ఇక దాహం, ఆట, చదువు ఎవరి ఖర్మ వారిది. పద్దెనిమిదేళ్ల దాకా అందరికీ చదువు అందాలని 2020 జాతీయ విద్యా విధానం ఘనంగా చెప్పింది. చట్టంలో మాత్రం అంకె పద్నాలుగు దాటలేదు.