లాన్ కార్డు పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

కొత్త డెస్క్‌టాప్ కట్టించుకుంటున్న మేనల్లుడు సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ కొట్టు ముందు నిలబడి, "మామయ్యా, బోర్డులో వచ్చే లాన్ చాలా, విడిగా కార్డు వేయించనా? కొట్టాయన వేయించమంటున్నాడు" అని ఫోన్ చేయగా, మామ ఆశువుగా సెలవిచ్చిన పద్యమిది.

ఆ. బోర్డు మీద పుట్టు పోర్టుండ వేఱొక్క
కార్డు కొనఁగనేల కాసులిచ్చి
చిప్పు చూడకుండఁ జెప్పంగ రాదయా
విప్పి చూడు మూత విజ్ఞతున్న

ప్రతిపదార్థం

బోర్డు మీద పుట్టు = మదర్‌బోర్డుతో పాటే ఫ్యాక్టరీలో టంకం పెట్టించుకుని వచ్చిన; పోర్టు + ఉండన్ = వెనకవైపు యూఎస్‌బీ రంధ్రాల పక్కన లాన్ వైరు గుచ్చే రంధ్రం ఉండగా; వేఱొక్క కార్డు = పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో గుచ్చే ఇంకో కార్డును; కాసులు + ఇచ్చి = గిగాబిట్‌దైతే వెయ్యిలోపు, పది గిగాబిట్లదైతే వేలకు వేలు పోసి; కొనఁగన్ + ఏల = కొనడం దేనికి?; చిప్పు = అసలు పని చేసే నల్లటి చదరపు ముక్కను; చూడక + ఉండన్ = దాని మీది నంబరు చదవకుండా; చెప్పంగన్ రాదు + అయా = మంచిదనీ చెడ్డదనీ తేల్చకూడదయ్యా; విజ్ఞత + ఉన్నన్ = బుద్ధి ఉంటే; మూత = క్యాబినెట్ పక్కరేకును; విప్పి చూడు = రెండు స్క్రూలు తీసి చూడు.

తాత్పర్యం

బోర్డులో లాన్ ఉన్నవాడు ఊరికే కార్డు కొననక్కర్లేదు. కొనాల్సి వస్తే చిప్పు చూసి కొనాలి.

విశేషాలు

ఛందస్సు ఆటవెలది. బోర్డు, పోర్టు, కార్డు, చిప్పు నాలుగూ గురులఘువులతో చక్కగా హగణాలవడం కవికి కలిసొచ్చింది. మదర్‌బోర్డు అందామంటే పాదం మొదట్లోనే లఘువు పక్కన గురువు పడుతుంది, ఈ ఛందస్సు అది ఒప్పుకోదు. అందుకే తల్లిని వదిలేశాడు. అలంకారం స్వభావోక్తి, కవిది పిసినారి స్వభావం.

రెండో పాదానికి "కార్డు కొనఁగవలయు కాసులిచ్చి" అని కొట్టువారి సంప్రదాయంలో ఒక పాఠాంతరం ఉంది. గణాలూ యతీ ఇందులోనూ సరిపోతాయి గనుక పాఠకులు జాగ్రత్తగా ఉండాలి.

కొట్టువారి వాదం ఇది: "బోర్డు మీది లాన్ పని ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. కార్డుకు సొంత బుర్ర ఉంటుంది." ఇది పాతకాలపు జ్ఞాపకం. 1990లలో మామూలు పీసీ బోర్డు మీద లాన్ సాధారణంగా ఉండేది కాదు. ఎన్‌ఈ2000 రకం ఐఎస్ఏ కార్డు గుచ్చి, గుండ్రటి బీఎన్‌సీ మూతికి కేబుల్ టీవీ వైరు లాంటి నల్ల తీగ తగిలించేవారు. తరవాత రియల్‌టెక్ వారి 8139 అనే చవక చిప్పు వచ్చింది. దీని మీద ప్రామాణిక వ్యాఖ్య రాసినవాడు బిల్ పాల్. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు దీని డ్రైవరు రాస్తూ, కోడు మధ్యలో, పీసీఐ ఈథర్‌నెట్ చిప్పుల్లో బహుశా ఇంత అధమమైనది ఇంకోటి లేదని తేల్చేశాడు. తిట్టి ఊరుకోలేదు, కారణమూ చెప్పాడు. ఈ చిప్పు మెమరీలోకి నేరుగా రాయగలదు గానీ, వచ్చిన ప్యాకెట్లన్నీ ఒకే గంపలో పోస్తుంది. అక్కణ్నుంచి ఒక్కోదాన్నీ మళ్లీ ఎత్తి సర్దే చాకిరీ ప్రాసెసర్‌దే. వ్యాఖ్యాతలందరూ ఇలా రాస్తే ఎంత బాగుండును! అయితే ఒక్కటి గమనించాలి. ఈ 8139 బోర్డుల మీదా ఉండేది, విడి కార్డుల మీదా ఉండేది. దోషం చిప్పుది, అది కూర్చున్న చోటుది కాదు. మూడో పాదం భావం ఇదే.

ఇప్పటి సంగతీ అంతే. బోర్డు మీది రియల్‌టెక్ 8111, వెయ్యిలోపు కార్డు మీది 8111 ఒక్కటే. రెండూ పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారినే పోతాయి. ఆ కార్డు కొంటే, ఉన్నదాన్నే డబ్బిచ్చి మళ్లీ తెచ్చుకున్నట్టు. ఇంటెల్ పేరుంటే కళ్లకద్దుకోవాలనీ లేదు. 2.5 గిగాబిట్ల ఐ225-వీ తొలి విడతలు కొన్ని స్విచ్‌లతో పేచీ పెట్టాయి. కంపెనీ చిప్పునే సవరించాల్సి వచ్చింది.

లెక్కలు అడిగేవారికి: గిగాబిట్ అంటే సెకనుకు 125 మెగాబైట్లు. పాత పీసీఐ స్లాటు మొత్తం దారే 133, అదీ మిగతా కార్డులతో పంచుకోవాలి. కాబట్టి ఆ స్లాటులో గిగాబిట్ కార్డు పేరుకే గిగాబిట్. మొదటి తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఒంటి లేనులోనే (ఒకే వరస దారిలోనే) ఒక్కో దిక్కుకు 250 వచ్చింది, పేచీ తీరింది. పది గిగాబిట్ల కార్డుకు మాత్రం 1250 కావాలి. మూడో తరం ఒంటి లేను కూడా వెయ్యి దాటదు. ఇంట్లో 200 మెగాబిట్ల ప్లాను పెట్టుకున్నవాడికి ఈ గొడవే లేదు.

"మరి నాకు 100 మెగాబిట్లే చూపిస్తోందే, బోర్డు పాడైందా?" అంటే, ముందు వైరు మూతి చూడు. 100కు నారింజ, ఆకుపచ్చ జతలు రెండే చాలు. గిగాబిట్‌కు నీలం, గోధుమరంగు జతలు కూడా కావాలి. ఆ పారదర్శకమైన ప్లాస్టిక్ మూతిని వెలుతురుకు ఎత్తి చూస్తే, గోధుమరంగు పోగు లోహపు రేకు దాకా రాకుండా బియ్యపుగింజంత వెనకే ఆగిపోయి కనిపించవచ్చు. కొత్త కార్డు కొన్నా ఆ పోగు ముందుకు జరగదు. మూతి కత్తిరించి మళ్లీ క్రింప్ చేయించాలి.

కార్డు నిజంగా కావలసిన సందర్భాలు కవి ఎత్తలేదు, అది లోపమే. బోర్డు పోర్టు చచ్చిపోతే కార్డు అక్కరకొస్తుంది. రెండు పోర్టులు కావాల్సినా అంతే. మన ఊళ్లలో మరొకటుంది: పిడుగు. కేబుల్ ఆయనే నెట్టు ఇచ్చే చోట రాగి వైరు డాబాల మీదుగా, స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తుంది. తొలకరి ఉరుములకు మొదట పోయేది లాన్ పోర్టే. అలాంటి ఇంట్లో కార్డును దిష్టిబొమ్మలా ముందు నిలబెట్టి వైరు దానికే గుచ్చడం తెలివైన పని. బోర్డు తప్పక బతుకుతుందని హామీ లేదు గానీ, కార్డొక్కటే పోయి ఊరుకుంటే వెయ్యిలోపుతో తెములుతుంది.

కొత్త బోర్డుతో ఇంకో తంటా. దాని లాన్ చిప్పు డ్రైవరు విండోస్‌లో లేకపోతే, డ్రైవరు దించుకోవడానికి నెట్టు కావాలి, నెట్టు రావడానికి డ్రైవరు కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. అప్పుడు కార్డుకు పరుగెత్తకుండా, ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో తగిలించి టెదరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా చాలు.

"విప్పి చూడు మూత" అనడానికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. కార్డు కొని తెచ్చాక, గుచ్చాల్సిన చిన్న స్లాటు మీద గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లతో సహా పడుకుని ఉందని తెలియడం చాలామందికి అనుభవమే. ఒంటి లేను కార్డు పెద్ద స్లాటులోనూ పడుతుంది, ఖాళీ ఉంటే.

గుచ్చాక కూడా నెట్టు రాకపోతే కార్డును తిట్టకు. కొందరు ఆపరేటర్లు కనెక్షన్‌ను పాత పోర్టు మ్యాక్ అడ్రసుకు (దాని గుర్తింపు కోడుకు) కట్టేసి ఉంచుతారు. కొత్త అడ్రసు చదివి ఫోన్‌లో చెప్పాలి. బీ, డీ, ఈ అక్షరాలు అవతలివారికి ఒకేలా వినిపిస్తాయి కనుక వాట్సాప్‌లో పంపడం మేలు.