ఆ టీ తా!

ఎన్‌క్లెక్స్ పుస్తకాల్లో ఒక ఆసుపత్రి ఉంటుంది. అక్కడ ఒక నర్సుకి మహా అయితే నలుగురు పేషెంట్లు. డాక్టరు గారికి అర్ధరాత్రి ఫోన్ చేసినా మొదటి రింగుకే ఎత్తుతారు, పైగా విసుక్కోరు. స్టోరులో ఏ సైజు కాన్యులా అడిగినా ఉంటుంది. నొప్పి పదికి ఎంత అని అడిగితే పేషెంటు ఏడు అంటాడు, ఏడంటే ఏడే. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఆ ఆసుపత్రిలో పేషెంటు తాలూకు మనిషి అనేవాడు కనబడడు. బావమరదులు లేరు, టిఫిన్ క్యారియర్లు లేవు, 'మేం ఎమ్మెల్యే గారి మనుషులం' అంటూ చెప్పులతో ఐ.సి.యు.లోకి వచ్చేవాళ్లు అసలే లేరు.

అమెరికాలో నర్సు లైసెన్సు కావాలంటే, ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష రాసి, ఆ ఆసుపత్రిలో పనిచెయ్యడం వచ్చని ఋజువు చెయ్యాలి. విజయవాడలో ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసి, చీకట్లో కూడా నరం దొరకపుచ్చుకునే నాలాంటిది ఫండమెంటల్స్ పుస్తకం మొదటి పేజీ తెరిచి, చేతులు కడుక్కోవడం ఎలాగో మళ్లీ చదువుకుంటోంది. చదివేటప్పుడు మా పిల్ల వెనకనించి తొంగి చూసి, "అమ్మా, ఇది మాకు ఒకటో క్లాసులో అయిపోయింది" అంది.

పరీక్ష తీరు కూడా చిత్రమే. కంప్యూటరు ముందు కూర్చోవాలి. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, టైము 5 గంటలు. ఒకటి సరిగ్గా చెబితే తర్వాతది ఇంకా కష్టమైంది ఇస్తుంది, తప్పితే తేలికైంది ఇస్తుంది. అంచేత తేలిక ప్రశ్న కనబడితే సంతోషించడానికి లేదు, ఒళ్లంతా చెమటలు పట్టాలి. వెనక్కి వెళ్లి దిద్దుకోవడం కుదరదు, ఇది తర్వాత చూద్దాంలే అని దాటెయ్యడమూ కుదరదు. మనం పాసో ఫెయిలో యంత్రానికి నూటికి 95 పాళ్లు నమ్మకం కుదిరాక పరీక్ష ఆగిపోతుంది. ఆ నమ్మకం ఏ సంగతి గురించో మాత్రం అప్పుడు చెప్పదు. ఇంకో తమాషా, ఆ 85లో 15 ప్రశ్నలకి మార్కులే లేవట. ముందుముందు వాడుకుందామని మన మీద ప్రయోగించి చూస్తారన్నమాట. అవి ఏవో మనకి తెలీదు. తెలిస్తే వాటిదగ్గర మంచినీళ్లయినా తాగొద్దుము.

సరే, తిండి చాప్టరుకి వద్దాం. ఉప్పు తగ్గించాల్సిన గుండెజబ్బు మనిషికి వీటిలో ఏది పనికిరాదు అంటుంది పుస్తకం. జవాబు డబ్బా సూపు. డబ్బా సూపు తాగి అడ్మిట్ అయిన మనిషిని నేనింతవరకూ చూళ్లేదు. నేను చూసేవాళ్లంతా, "కూరలో ఉప్పు ముట్టలేదమ్మా, చప్పిడి కూడే. ముద్ద దిగక కాస్త ఆవకాయ నంజుకున్నానంతే" అనేవాళ్లు. వార్ఫరిన్ వాడేవాళ్లకి విటమిన్ కె ఉన్న ఆకుకూరల సంగతి చెప్పాలి, ఉదాహరణకి కేల్ అంటుంది. అదేమిటో ఫోనులో బొమ్మ చూసి తెలుసుకున్నాను. ఇక్కడ రైతుబజారులో గోంగూర గుట్టలు పోసి ఉంటే ఆ కేల్ బెడద నాకెందుకు? అన్నట్టు, ఆకుకూర మానెయ్యండి అనడం తప్పు జవాబు. వారం వారం మోతాదు మారకుండా తినండి అనాలి. గోంగూర పచ్చడి మోతాదు మారకుండా తినగలిగిన గుంటూరు మనిషి ఇంకా పుట్టలేదు. పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలని పుస్తకం వల్లె వేయిస్తుంది. మా వార్డులో కిడ్నీ పేషెంటుని చూడ్డానికి వచ్చిన నలుగురు చుట్టాలు నాలుగు కొబ్బరిబోండాలు మంచం కింద పెట్టి, "చలవ చేస్తుంది, తాగించండి" అని చెప్పి వెళ్తారు. పొటాషియాన్ని బోండాల్లో కొలిచే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

లెక్కలంటే గుర్తొచ్చింది. 1000 మి.లీ. సెలైను 8 గంటల్లో ఎక్కాలి, సెట్టు మి.లీ.కి 15 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు? 31.25 వస్తుంది. పావు చుక్క కారదు కాబట్టి 31 అని రాయాలి. మా సెట్టు 20 చుక్కలది గనక నేనైతే 42కి పెడతాను. వాచీ చూసుకుంటూ, మంచం పక్కన నిలబడి, లెక్కపెట్టి మరీ పెడతాను. నేను కౌంటరు దగ్గరికి చేరేలోగా పేషెంటు అల్లుడు సెట్టుకున్న చక్రం కాస్తా పైకి తిప్పేస్తాడు. ఇదేమిటి బాబూ అంటే, "మరీ మెల్లగా ఎక్కుతోంది సిస్టర్. తొందరగా అయిపోతే ఇంటికి పంపేస్తారు గదా!" అల్లుడు తిప్పిన తర్వాత నిమిషానికి ఎన్ని చుక్కలు అని అడిగితే, చెప్పగలిగేది మేమే.

గుర్తుపెట్టుకోవడానికి ఇంగ్లీషులో బండగుర్తులు బోలెడు. గాలిలో పాకే జబ్బులకి ఎం.టి.వి. అంటారు. నాకది టీవీ ఛానల్లాగే గుర్తుంటోంది తప్ప జబ్బుల్లాగ గుర్తుండట్లేదు. అందుకని ఆటలమ్మ, టీబీ, తట్టు అని మన వరసలో పెట్టుకున్నాను: ఆ-టీ-తా. దీర్ఘం నా సొంతం. బియ్యం కడుగుతూ, బట్టలు ఆరేస్తూ "ఆ టీ తా, ఆ టీ తా" అని వల్లె వేస్తున్నాను. పేపరు చదువుకుంటున్న మా ఆయన కళ్లజోడు తీశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో 'ఏమండీ, కాస్త తెండి' తప్ప వినలేదాయన. "అమెరికా వెళ్లకముందే ఏకవచనమా?" అన్నారు. అని, వెళ్లి టీ పెట్టుకొచ్చారు. ఆ బండగుర్తు నేను సరిదిద్దలేదు, దిద్దే ఉద్దేశం కూడా లేదు.

ఆ మాటకొస్తే ఆటలమ్మకి పుస్తకం చెప్పేది విడి గది, గాలి బయటికి రాకుండా ఏర్పాటు, ఎన్95 మాస్కు. మా అమ్మమ్మ గుమ్మానికి వేపమండ కట్టేది. వీధిలో ఒక్కరూ లోపలికి వచ్చేవారు కాదు. మేం వార్డు తలుపుకి మూడు భాషల్లో బోర్డు పెట్టినా, దాన్ని చదువుకుంటూనే లోపలికి వస్తున్నారు.

అసలు చిక్కు మాటల దగ్గరుంది. ఆపరేషన్‌కి ముందు పేషెంటు భయంగా ఉందంటాడు. నర్సు ఏమనాలి? ఒకటి, 'ఏం కాదు, మా డాక్టరు గారి హస్తవాసి మంచిది.' రెండు, 'ఎందుకు భయం?' మూడు, 'మా మేనమామకీ ఇదే చేశారు, ఇప్పుడు సైకిలు తొక్కుతున్నాడు.' నాలుగు, 'మీకు భయంగా ఉందన్నమాట. దాని గురించి ఇంకాస్త చెప్పండి.' మా వార్డులో మొదటి మూడూ ఒకే ఊపిరిలో చెప్పేస్తాం. ఆ మూడూ తప్పు! లేని ధైర్యం చెప్పకూడదు, ఎందుకని నిలదియ్యకూడదు, మన సోది మధ్యలోకి తేకూడదు. ఈ మూడూ తీసేస్తే తెలుగువాళ్ల పరామర్శలో మిగిలేది బత్తాయిలే.

అలవాటు కావాలి గదాని ఇంట్లో మొదలుపెట్టాను. ఓ సాయంత్రం అత్తయ్య, "గుండె దడగా ఉందే అమ్మాయ్" అన్నారు. నాడి చూశాను, 76, సక్రమంగా ఉంది. మామూలుగా అయితే 'ఏం కాదత్తయ్యా, కాఫీ తగ్గించండి' అనేదాన్ని. ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కుని, కొంచెం ముందుకి వంగి, "మీకు దడగా ఉందన్నమాట. దాని గురించి ఇంకాస్త చెప్పండి" అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. "ఏంటే, డాక్టరేమన్నా చెప్పాడా? నా దగ్గర దాస్తున్నారా?" అన్నారు. దాచలేదని నమ్మించేసరికి పావుగంట పట్టింది. తర్వాత ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. పెళ్లిలో ఆడపడుచు తీసుకుని తిరిగివ్వని గాజుల దగ్గర ఎత్తుకుని, మామయ్య గారి బదిలీల మీదుగా, పొద్దున పాలవాడు పోసిన నీళ్లదాకా వచ్చారు. నేను పుస్తకం చెప్పినట్టు తలూపుతూ, మధ్యమధ్య 'అప్పుడు మీకెలా అనిపించింది' అంటూ కూర్చున్నాను. లోపల కుక్కరు ఎన్ని కూతలు కూసిందో దానికే తెలియాలి. చివరికి అత్తయ్య లేచి, "దడ తగ్గిందే" అన్నారు. చెప్పకూడదు గానీ, పుస్తకం ఈ విషయంలో నిజమే చెప్పింది. దాని పర్యవసానం మాత్రం రాయలేదు. ఆ మర్నాటినుంచి సరిగ్గా వంట వేళకి ఆవిడకి ఏదో ఒక బాధ వస్తోంది.

పనులు ఎవరికి అప్పగించవచ్చు అనేది ఇంకో పెద్ద చాప్టరు. సహాయకులు బి.పి. చూడొచ్చు, స్నానం చేయించొచ్చు. పరిస్థితి అంచనా వెయ్యడం, బోధించడం మాత్రం రిజిస్టర్డ్ నర్సు పనే. మా వార్డు ఆయమ్మకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఓ రాత్రి ఒకాయన ఏడో బెడ్డు మీద గావుకేకలు పెడుతున్నాడు, నేను అటు పరిగెత్తబోతున్నాను. ఆయమ్మ ఊడుస్తున్న చీపురు ఆపకుండానే, "అరిచేవాడికి ఊపిరాడుతోంది లెండి సిస్టర్. ఆ మూడో బెడ్డాయన ఇందాకట్నుంచి నోరెత్తట్లేదు, ఆయన్ని చూడండి" అంది. మూడో బెడ్డాయన ఆక్సిజన్ 82కి పడిపోయి ఉంది. 'నలుగురిలో ముందు ఎవరిని చూస్తావు' అనే ప్రశ్న పుస్తకంలో ఎక్కడ తగిలినా, నేను ఆప్షన్లు చదవడానికి ముందు ఆవిణ్ణే తలుచుకుంటున్నాను.

పరీక్ష హైదరాబాదులో రాయొచ్చు. మొన్న తేదీ బుక్ చేశాను. ఫీజు 200 డాలర్లు, విదేశంలో రాస్తున్నందుకు ఇంకో 150. సెంటరులో పాస్‌పోర్టు చూసి, అరచేతిలో నరాల్ని యంత్రంతో స్కాన్ చేస్తారట. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల నరాలు వెతికినదాన్ని, నావి దొరుకుతాయో లేదో మరి. అత్తయ్య పంచాంగం తిరగేసి, "మంగళవారమా? మంగళవారం ఎవరన్నా బయల్దేరతారుటే?" అన్నారు. మార్చుకోవాలంటే 24 గంటల ముందే మార్చుకోవాలి, లేకపోతే కట్టిన డబ్బు పోయినట్టే. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, ముందుకి వంగి, "మంగళవారం అంటే మీకు ఆందోళనగా ఉందన్నమాట" అన్నాను.

"నాకెందుకే ఆందోళన?" అన్నారావిడ పంచాంగం మూసేసి. "350 డాలర్లు కట్టింది నువ్వు."